22 ఏళ్లుగా తోటలో నిలిచిపోయిన తాత అంబాసిడర్: బాగు చేయించాలా, పాత ఇనుముకు ఇచ్చేయాలా?

తోట_దారి:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, తోట మాత్రం బంగారుపాళ్యం పక్కన. తోటలో మోటారు రూము వెనక రేకుల షెడ్డు కింద మా తాత అంబాసిడర్ ఉంది. 1971లో కొన్నది, ముందు గ్రిల్ సన్నటి గళ్లతో ఉంటుంది కాబట్టి మార్క్ 2 మోడల్ అని ఈ మధ్యే తెలుసుకున్నాను. 2003లో బ్రేకుల పని ఏదో వచ్చి షెడ్డులో పెట్టారు, తర్వాత చేయిద్దాం చేయిద్దాం అంటూనే తాతకు చూపు తగ్గింది, 2009లో ఆయన పోయారు, బండి అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు సమస్య ఏంటంటే మా చిన్నాయనకు ఆ షెడ్డు కావాలి. తోతాపురి కోతలు మొదలయ్యేలోపు ట్రేలు పెట్టుకోడానికి చోటు చేయాలంటున్నాడు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి చూసిపోయారు కూడా, కిలో లెక్కన ఇస్తామన్నారు. మా నాయన ఏమీ మాట్లాడడు, మాట్లాడకుండా ఆ పూటకు అన్నం మాత్రం సరిగా తినలేదు. ఆ బండిలోనే ఆయన పెళ్లికొడుకుగా వచ్చాడు, మా అక్క పుట్టినప్పుడు అమ్మను ఆసుపత్రి నుంచి తెచ్చింది కూడా అందులోనే. తాత కొత్తలో తిరుమలకు వెళ్తే ఎక్కడానికీ దిగడానికీ ఒకే ఘాట్ రోడ్డు ఉండేదని, సగం కొండకు రేడియేటర్ మరిగిపోతే తడి గోనెసంచి కప్పి అరగంట కూర్చునేవాళ్లమని నాయన చెప్తుంటాడు.

మా అత్త కొడుకు ఏమంటాడంటే కొత్త బ్యాటరీ పెట్టి, ఐదు లీటర్ల పెట్రోలు పోసి, ట్రాక్టర్‌కు కట్టి సెకండ్ గేర్‌లో లాగితే స్టార్ట్ అయిపోతుంది, స్టార్ట్ అయితే ఉంచుకుందాం లేకపోతే ఇచ్చేద్దాం అని. వచ్చే ఆదివారం అదే చేద్దామనుకుంటున్నాం. నాకు బండ్ల గురించి పెద్దగా తెలీదు. ఇది సరైన పద్ధతేనా? మొత్తం ఎంత ఖర్చవుతుంది? ఆర్‌సీ పుస్తకం ఉంది కానీ తాత పేరు మీదే ఉంది, చెదలు కూడా కొంచెం తిన్నాయి. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.


తిరుపతి_పద్మిని:

తమ్ముడూ, ముందు ఆ ట్రాక్టర్ పని ఆపించు. మిగతావన్నీ తర్వాత. 22 ఏళ్లు కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి, వాల్వులు కూడా గైడుల్లో బిగుసుకుపోయి ఉండొచ్చు. గేర్‌లో వేసి ట్రాక్టర్‌తో లాగితే ఆ బలం మొత్తం వాటి మీదే పడుతుంది. రింగు విరుగుతుంది, పుష్ రాడ్ వంగుతుంది, సిలిండర్‌లో గీత పడుతుంది. పది రోజుల ఓపికతో తేలే పనిని పది నిమిషాల్లో ఇంజన్ మొత్తం విప్పే పనిగా మార్చుకుంటారు.

రెండోది, స్టార్ట్ అయితే ఉంచుకుందాం అనే లెక్కే తప్పు. ఇంజన్ ఎంత పాడైనా బాగవుతుంది, ఆ 1489 సీసీ ఇంజన్‌ను బోర్ కొట్టి, రింగులు మార్చి నిలబెట్టే మేస్త్రీలు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. బండి బతుకుతుందా లేదా చెప్పేది బాడీ. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు కింద విడిగా చాసిస్, అంటే ఇనప చట్రం, ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు విడి చాసిస్ ఉండేది, దాని సంగతి వేరు. అంబాసిడర్‌లో తలుపుల కింది పట్టీలు, నేల రేకు, వెనక కమాను పట్టీలు బాడీకి తగిలే చోటు కుళ్లిపోతే పైన ఎంత బాగున్నా అది బండి కాదు.

కాబట్టి ఆదివారం బ్యాటరీ బదులు ఒక స్క్రూడ్రైవరు, టార్చిలైటు, రూపాయి బిళ్ల, గుడ్డలో చుట్టిన అయస్కాంతం ముక్క తీసుకెళ్లు. మ్యాట్లన్నీ తీసి నేల రేకును బిళ్లతో కొట్టుకుంటూ పో. మంచి రేకు టంగుమంటుంది, కుళ్లినది చప్పగా తడి అట్ట మీద కొట్టినట్టు ఉంటుంది. చప్పగా ఉన్నచోట స్క్రూడ్రైవరుతో పొడువు, మొహమాటపడొద్దు, దిగిపోతే దిగిపోనీ, ఇప్పుడే తెలియడం మంచిది. తలుపుల కింది పట్టీలు రెండు వైపులా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడు. డిక్కీ అడుగు, బ్యాటరీ పెట్టే తట్ట, అద్దం రబ్బరు కింది మూలలు కూడా చూడు. అయస్కాంతం పట్టనిచోట లోపల పుట్టీ ఉన్నట్టే, అంటే ఎప్పుడో ఎవరో కప్పిపెట్టారు. ఇంకో పరీక్ష: ముందు తలుపు మామూలుగా వేసి తీసి చూసుకో, తర్వాత జాకీ పెట్టి ఆ పక్క ఎత్తి మళ్లీ వెయ్యి. ఎత్తినప్పుడు తలుపు పట్టేసినా, కింద మీద సందు మారిపోయినా బాడీ నడుము వంగుతోందని అర్థం. జాకీ పెట్టేటప్పుడు చెక్క పలక మీద పెట్టు, బండి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు.

మనకు కొంచెం కలిసొచ్చేది ఏంటంటే చిత్తూరు గాలి పొడి గాలి. చెన్నై సముద్రపు గాలికి నిలబెట్టిన బండికీ మీ తోటలో బండికీ చాలా తేడా ఉంటుంది. కానీ మట్టి నేల మీద ఉంటే కింది నుంచి చెమ్మ వస్తుంది. చక్రాల గూళ్లలో ఆకులు చేరి ఉంటే వాటికింద రేకు ఖచ్చితంగా చూడు, నవంబరు వానల్లో తడిసిన ఆకు సంక్రాంతి దాకా ఆరదు.

నా అనుభవం చెప్తాను, ఎందుకంటే నేను ఈ వరసలోనే దెబ్బతిన్నాను. నాది 1982 పద్మిని. బొంబాయి కుర్లాలో ఫియట్ 1100డీగా 1964లో మొదలై, 1974 నుంచి పద్మిని పేరుతో వచ్చిన బండి అది. కొన్న నెలలో ఇంజన్ స్టార్ట్ అయింది, ఆ సంతోషంలో నేరుగా పెయింటుకు ఇచ్చేశాను. ఆ షెడ్డువాళ్లు తుప్పు మీదే పుట్టీ పెట్టి, రుద్ది, మెరిసేలా రంగు కొట్టి ఇచ్చారు. తర్వాతి వానాకాలానికి వెనక చక్రాల పైన రంగు బొబ్బలు కట్టింది, గోరుతో నొక్కితే లోపలి నుంచి ఎర్ర నీళ్లు వచ్చాయి. మొత్తం గీకించి, కుళ్లిన రేకు కోయించి, కొత్త రేకు సీఓటూ వెల్డింగ్‌తో అతికించి మళ్లీ రంగు వేయించాను. రెండోసారి టింకరింగ్, పెయింటుకే లక్షా ఎనభై వేలు అయింది, అదీ మూడేళ్ల మీద కొంచెం కొంచెంగా. మొదటిసారి పోసిన డబ్బు లెక్కలో లేదు. నువ్వు ఎంతవుతుంది అని అడిగావు, బాడీ చూడకుండా ఎవరు ఏ అంకె చెప్పినా నమ్మొద్దు.


గ్రీజు_చేతులు:

నేను చిత్తూరులో 30 ఏళ్లకు పైగా టాక్సీ అంబాసిడర్ల పని చేశాను. పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇంజన్ సంగతి నేను చెప్తాను బాబూ.

ముందు డిప్ స్టిక్, అంటే ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల, తీసి చూడు. ఆయిల్ నల్లగా ఉంటే భయం లేదు, మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఇంజన్ అడుగున ఆయిల్ దించే సంప్ బోల్టు కొంచెం వదులు చేస్తే, లోపల నీళ్లుంటే మొదట అవే కారతాయి, ఎంత కారాయో గుర్తుపెట్టుకో. తర్వాత స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పు. గట్టిగా ఉంటే పట్టుపట్టొద్దు, చుట్టూ దుమ్ము ఊది, తుప్పు వదిలే ఆయిల్ చల్లి ఒక రాత్రి వదిలెయ్. విప్పిన ప్లగ్గులు వరసగా పెట్టు, ఏ సిలిండర్ ప్లగ్గుకు తుప్పు ఉందో చూస్తే ఏ పిస్టన్ పట్టిందో సగం తెలిసిపోతుంది. ఒక్కో రంధ్రంలో డీజిలూ, పవర్ స్టీరింగ్ ఆయిలూ సగం సగం కలిపి చిన్న టీ గ్లాసులో సగం పొయ్యి. గుడ్డ కప్పి వెళ్లిపో. రెండు రోజులకొకసారి తగ్గినంత పోస్తూ ఉండు. వారం, పది రోజులు.

ఆ తర్వాత గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టు. డిక్కీలో ఉంటుంది చూడు, తాతల కాలం వాళ్లు దాన్ని పారేయరు. ముందుకూ వెనక్కూ ఊపు, తిప్పాలని చూడొద్దు, ఊపు. హ్యాండిల్‌కు పైపు తొడిగి బలం పెట్టొద్దు. వేలెడు కదిలితే చాలు, మళ్లీ ఆయిల్ పోసి రెండు రోజులు ఆగు. పూర్తిగా ఒక చుట్టు తిరిగాక కూడా సంబరపడి బ్యాటరీ తగిలించొద్దు. పైన టాపెట్ కవర్ విప్పి, ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకరు వాల్వులు ఎనిమిదీ పైకి కిందికి కదులుతున్నాయా చూడాలి. ఒకటి కిందే ఆగిపోతే దాని కాండానికి ఆయిల్ వేసి మెల్లగా వదిలించాలి. పాత ఆయిల్ తీసేసి, కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే తిప్పి పైన వాల్వులను నొక్కే రాకర్ల దాకా ఆయిల్ ఎక్కిందని కళ్లతో చూసుకున్నాకే మిగతా పని. ప్లగ్గుల రంధ్రాల మీదికి వంగొద్దు, ఆయిల్ ఎగజిమ్ముతుంది.

బ్యాటరీ గురించి ఒక మాట. పాత అంబాసిడర్లలో ప్లస్ వైరు బాడీకి ఎర్త్ చేసి వచ్చినవి ఉన్నాయి. తర్వాత ఎవరైనా మార్చారో లేదో చూడకుండా ఇప్పటి బండికి పెట్టినట్టు పెట్టేస్తే డైనమో, వైరింగ్ రెండూ పోతాయి. ఎలాగూ ఎలుకలు వైర్లు కొరికే ఉంటాయి, వైరింగ్ కొత్తది వేయించుకోవడమే మేలు.

పెట్రోలు ట్యాంకు కిందికి దించు. లోపల పాతది జిగురై తారులా ఉంటుంది. ట్యాంకుకు చిల్లు ఉందని ఎవరూ ఖాళీదే కదా అని వెల్డింగ్ పెట్టొద్దు, లోపల ఆవిరి ఉంటే పేలుతుంది, అలాంటివి చూశాను. ఇంకోటి, ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అప్పటి రబ్బరు దానికి తట్టుకోదు, మెత్తబడి చీలిపోతుంది. పెట్రోలు పైపులు, పంపులో డయాఫ్రం, కార్బురేటర్ కిట్టు అన్నీ ఇథనాల్‌కు ఆగే రకం అడిగి వేయించు. బండి నెలల తరబడి వాడకపోతే ట్యాంకులో పెట్రోలు ఉంచొద్దు, ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. అప్పటి ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకు చేసినవి, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేనిదే కదా, అందుకని హెడ్ విప్పే అవసరం వస్తే గట్టి వాల్వ్ సీట్లు వేయించేయి. విప్పకపోతే దానికోసమే విప్పనక్కర్లేదు, నెలకు ఒకసారి మెల్లగా తిప్పే బండికి అంత అరుగుదల ఉండదు.

చివరగా బ్రేకులు. మీ బండి ఆగిందే బ్రేకుల వల్ల అన్నావు కాబట్టి చెప్తున్నా, వీటిలో పొదుపు వద్దు. ఆ మోడల్‌లో నాలుగూ డ్రమ్ములే, ఆయిల్ లైను ఒక్కటే. ఎక్కడ పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, హోసులు, ఇనప పైపులు అన్నీ మార్చు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్ము గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్. మేము కుర్రతనంలో అన్నీ నోటితో ఊదినవాళ్లమే, నాతో పనిచేసినవాళ్లలో ఇద్దరు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఏ దుమ్ము వల్ల అని చెప్పలేను కానీ నువ్వు ఊదొద్దు.


పాత_ఆర్‌సీ:

కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. రూపాయి ఖర్చు పెట్టకముందే ఈ పని మొదలుపెట్టండి, బండి తయారయ్యాక కాగితాలు లేక మూలపడితే ఆ బాధ ఎక్కువ.

15 ఏళ్లు దాటిన బండి తుక్కు చేయాల్సిందే అని చాలామంది మన దగ్గర కూడా అనుకుంటున్నారు. పాత బండి నడపకూడదనే ఆ వయసు లెక్క ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలది. ఇక్కడ సొంత బండికి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవచ్చు, బండి తనిఖీలో పాసవ్వాలి అంతే. ఫీజు మాత్రం పెరిగింది, 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి పది వేలు. ఆలస్యానికి అదనంగా పడుతుంది, మీది చాలా ఏళ్ల ఆలస్యం కాబట్టి రవాణా శాఖ ఆఫీసులోనే లెక్క వేయించుకోండి.

అంతకంటే ముందు పేరు మార్పు. యజమాని చనిపోయారు కాబట్టి మామూలు అమ్మకం ఫారాలు 29, 30 పనికిరావు, ఫారం 31 పెట్టాలి. తాతగారి డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం సిద్ధం చేసుకోండి. అంటే మీ చిన్నాయన, మీ అత్త సంతకాలు కావాలి. కాబట్టి చిన్నాయనతో షెడ్డు గురించి గొడవ పెట్టుకోకుండా మంచిగా మాట్లాడండి, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా. పాత పుస్తకం వివరాలు కంప్యూటర్‌లో లేకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, దానికి చెదలు తిన్న పుస్తకమైనా సరే ఒరిజినల్ ముఖ్యం. ఇవాళే ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు పుస్తకంలో ఉన్నవీ బండి మీద ఉన్నవీ ఒకటేనా చూడండి. నంబరు పలక మీద తుప్పు ఉంటే రుద్దకండి, ఆయిల్ రాసి మెత్తటి గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితంతో రుద్దితే అంకెలు పోతాయి, తర్వాత తనిఖీ చేసే అధికారికి ఏం చూపిస్తారు?

మీది 1971 బండి కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండ్లను వింటేజ్ కింద నమోదు చేసుకునే నియమాలు 2021 జులైలో వచ్చాయి. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోడానికి 5 వేలు. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. మీ నాయనను కూర్చోబెట్టుకుని కాణిపాకం పోయి రావాలనుంటే మామూలు రెన్యువలే మీకు సరిపోతుంది. తిరుమల ఎక్కించే ఆలోచన ఉంటే మాత్రం ఇంత పాత బండిని పైకి వదులుతారో లేదో అలిపిరిలో ముందే అడగండి, తీరా అక్కడికెళ్లాక వెనక్కి తిప్పుకోవాల్సి వస్తే పెద్దాయన మనసు కష్టపడుతుంది.

ఒకవేళ ఇచ్చేయాలనే నిర్ణయానికి వచ్చినా తెలిసినవాడు కదా అని పాత ఇనుము బండికి ఎత్తేయకండి. ఆర్‌సీ రద్దు చేయించకుండా ఇస్తే మీ తాత పేరు మీద ఉన్న చాసిస్ నంబరు ఎవరి చేతికి పోతుందో తెలీదు. ప్రభుత్వ అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవాలి.


కాట్పాడి_రోడ్డు:

అందరూ చేయమనే చెప్తున్నారు, నేను వేరే మాట చెప్తాను. ఏమీ అనుకోవద్దు.

మా మేనమామ బండి, అదీ అంబాసిడరే, ప్రేమతో మొదలుపెట్టాను. ఒక షెడ్డులో వదిలాను, వాళ్లు వారంలో మొత్తం విప్పేశారు. విప్పడానికి వారం, బిగించడానికి మూడేళ్లు కూడా చాలలేదు. మేస్త్రీ మారాడు, కొత్త మేస్త్రీకి ఏ బోల్టు ఎక్కడిదో తెలీదు, ముందు లైట్ల చుట్టూ ఉండే క్రోమ్ రింగులు కనపడలేదు, డ్యాష్‌బోర్డు గడియారం కనపడలేదు. చివరికి గోనెసంచుల్లో ఇనుము తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాను. షెడ్డులో ఉన్నప్పుడు కనీసం అది కారులా ఉండేది.

కాబట్టి నీ చేతిలో వరసగా కొంత డబ్బు, ప్రతి వారం వెళ్లి చూసే తీరిక, రెండూ ఉంటేనే విప్పించు. లేకపోతే విప్పకుండా కాపాడు. కింద ఇటుకలు, చెక్కలు పెట్టి చక్రాలు నేలకు ఆనకుండా ఎత్తిపెట్టు, ఆకులు తీసెయ్, ఇంజన్‌లో గ్రీజు_చేతులు అన్న చెప్పినట్టు ఆయిల్ పోసి పెట్టు, గాలి ఆడే గుడ్డ కప్పు, ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపల చెమ్మ పట్టేస్తుంది. అలా ఇంకో ఐదేళ్లు ఉంటుంది. అదీ కుదరకపోతే బాగుచేసుకునే మనిషికి తక్కువకైనా ఇవ్వు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయింది, ఇక కొత్తవి రావు, కిలో లెక్కన మాత్రం ఇవ్వొద్దు.

విప్పిస్తే మాత్రం ప్రతి భాగం విప్పకముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో తీయి. బోల్టులు కవర్లలో వేసి కాగితం మీద పేరు రాసి పెట్టు. పెన్సిల్‌తో రాయి, పెన్ను సిరా ఆయిల్‌కు చెరిగిపోతుంది. చిన్న చిన్న క్రోమ్ సామాన్లు, బ్యాడ్జీలు, గడియారం, హ్యాండిళ్లు షెడ్డులో వదలకుండా ఇంటికి తెచ్చుకో.


తిరుపతి_పద్మిని:

కాట్పాడి అన్న చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నా. సామాన్ల గురించి ఒకటి కలుపుతాను. టాక్సీల పుణ్యమా అని అంబాసిడర్‌కు బ్రేకులు, క్లచ్చి, బేరింగులు, గ్యాస్కెట్లు ఇంకా దొరుకుతాయి, చెన్నైలో జీపీ రోడ్డు, పాతవి కావాలంటే పుదుపేట, బెంగళూరు వైపు వెళ్తే జేసీ రోడ్డు. దొరకనివి మార్క్ 2కే ప్రత్యేకమైనవి: ఆ గళ్ల గ్రిల్, లైట్ల రింగులు, మీటర్లు. వాటిలో సొట్ట పడింది కూడా పారేయొద్దు, సొట్ట తీయించొచ్చు. పాత సామాను కొనడానికి వెళ్తే మీ పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్లాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే మార్క్ 3 దో మార్క్ 4 దో అంటగడతారు, ఇంటికొచ్చాక బోల్టు రంధ్రం పావు అంగుళం పక్కకు ఉంటుంది.


తోట_దారి:

మూడు వారాలు రాయలేదు, క్షమించండి. ఒక్కొక్కటే చేస్తూ ఉన్నాను.

ట్రాక్టర్ పని ఆపేశాం. ఆదివారం స్క్రూడ్రైవరు, టార్చి తీసుకుని నేనూ నాయనా వెళ్లాం. వెనక సీటు ఎత్తితే కింద పాము కుబుసం, చెవిలో పెట్టుకునే దూదిలా ఎలుకలు కొరికిన పీచు, దాని మధ్యలో 1998 నాటి కాణిపాకం అర్చన టికెట్టు ఒకటి. నేల రేకు డ్రైవరు పక్క మొత్తం టంగుమంది. ఎడమ పక్క ముందు సీటు కాళ్ల దగ్గర స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది, అరచేయి అంత చోటు. ఎడమ తలుపు కింది పట్టీలో వెనక చివర, జాకీ పెట్టే చోటు దగ్గర, జానెడు మేర చప్పగా ఉంది. మిగతా పట్టీ గట్టిగానే ఉంది. జాకీ ఎత్తి తలుపులు వేసి చూశాం, కుడివైపు రెండూ సరిగ్గా పడ్డాయి, ఎడమ ముందు తలుపు కొంచెం రాసుకుంది. షెడ్డు రేకు ఎడమ పక్కనే చిల్లు ఉంది, నీళ్లన్నీ అటే కారాయి అనుకుంటా.

ప్లగ్గులు మూడు వెంటనే వచ్చాయి, మూడో సిలిండర్‌ది మాత్రం రాలేదు, రెండు రాత్రులు ఆయిల్ పెట్టాక వచ్చింది, దానికే తుప్పు ఎక్కువ ఉంది. అన్న చెప్పినట్టు ఆయిల్ పోస్తూ పోయాం. స్టార్టింగ్ హ్యాండిల్ నిజంగానే డిక్కీలో ఉంది, పాత పంచె ముక్కలో చుట్టి. పదకొండో రోజు నాయన హ్యాండిల్ పెట్టి ఊపుతూ ఉన్నాడు, ఊపుతూ ఊపుతూ ఒక్కసారి ఆగి, నా వైపు చూసి, నువ్వు పట్టుకో అన్నాడు. నేను పట్టుకుంటే చేతికి తెలిసింది, అటు ఒక వేలు ఇటు ఒక వేలు కదులుతోంది. బలంగా తిప్పాలనిపించింది కానీ మీరు చెప్పింది గుర్తొచ్చి ఆపాను. మళ్లీ ఆయిల్ పోసి వచ్చేశాం. నిన్నటికి సగం చుట్టు తిరుగుతోంది.

చిన్నాయనతో గొడవ లేదు. బండిని షెడ్డు నుంచి తీసి ఇంటి పక్కన పాత పశువుల కొట్టంలోకి మారుస్తామన్నాం, నేల సిమెంటుది, పైన కొత్త రేకులు వేయిస్తున్నాం. అభ్యంతరం లేదని సంతకం పెడతానన్నాడు, అత్త కూడా సరే అంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టాం. చాసిస్ నంబరు పుస్తకంతో సరిపోయింది.

ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, బండి కొట్టంలోకి ఎలా లాగాలి, నాలుగు చక్రాలూ పట్టేసి ఉన్నాయి. రెండు, ఎడమ పట్టీ జానెడు కుళ్లిన చోట ముక్క వేయిస్తే చాలా, పట్టీ మొత్తం మార్చాలా?


గ్రీజు_చేతులు:

చక్రాలు బిగుసుకుని ఉండగా లాగొద్దు. ఒక్కో చక్రం ఎత్తి, చెక్క దిమ్మెలు పెట్టి, బ్రేక్ అడ్జస్టర్ పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము అంచు మీద చెక్క సుత్తితో చుట్టూ తట్టు, సిలిండర్ పట్టిన చోట ఆయిల్ వెయ్. హ్యాండ్ బ్రేకు కేబుల్ విప్పేయి. ట్యూబులు కొత్తవి వేసి గాలి పెట్టు, టైర్లు పగిలిపోయి ఉన్నా కొట్టం దాకా దొర్లితే చాలు. తాడు బంపర్‌కు కట్టొద్దు, ఊడి చేతికొస్తుంది. కింద ఇరుసుకు కట్టి మనుషులే లాగండి, ట్రాక్టర్ వద్దు. స్టీరింగ్ దగ్గర ఒకరు, పక్కన ఇటుక పట్టుకుని ఒకరు ఉండాలి, బ్రేకులు లేవు కదా.


తిరుపతి_పద్మిని:

పట్టీ గురించి: కుళ్లిన జానెడు కాకుండా రెండు వైపులా మంచి రేకు తగిలేదాకా కోయించు, కోశాక లోపలి రేకు చూపించమను. పైరేకు ఒక్కటే పోతే ముక్క సరిపోతుంది, లోపలిది కూడా పోయుంటే మొత్తం మార్చాలి, ఎందుకంటే జాకీ బరువు మోసేది లోపలిదే. కోసేటప్పుడు తలుపులు బిగించి ఉంచి, కింద నాలుగు చోట్ల దిమ్మెలు పెట్టి లెవెల్ చూసుకున్నాకే కోయమను, లేకపోతే బాడీ వంగి ఉండగానే వెల్డింగ్ పడిపోతుంది, ఆ రాసుకునే తలుపు ఎప్పటికీ అలాగే ఉంటుంది. కోసినరోజు లోపలి రేకు ఫోటో పెట్టు, చూసి చెప్తాను.